బోదకాలు నిర్ధారణ పరీక్షలు

బోదకాలు నిర్ధారణ పరీక్షలు అనగా బోదకాలు లేదా ఫైలేరియా వ్యాధిని కలిగించే పురుగులు మనిషి శరీరంలో ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఉపయోగించే పద్ధతులు. రాత్రిపూట తీసిన రక్తాన్ని సూక్ష్మదర్శినితో చూడడం, పురుగు రక్తంలోకి విడుదల చేసే ప్రతిజనకాలను కార్డు లేదా పట్టీపై గుర్తించడం, శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను కొలవడం, పరాన్నజీవి డి.ఎన్.ఎ.ను గుర్తించడం వీటిలో ముఖ్యమైనవి. ఈ పరీక్షలన్నీ ఒకే విషయాన్ని చెప్పవు. ఒకటి ఇతరులకు వ్యాధిని అందించగల వ్యక్తిని గుర్తిస్తే, మరొకటి శరీరంలో సజీవంగా ఉన్న పెద్ద పురుగును, ఇంకొకటి గతంలో కలిగిన సంపర్కాన్ని తెలుపుతుంది. అందువలన ఏ పరీక్ష మంచిది అనే ప్రశ్నకు సమాధానం ఆ పరీక్షను ఎందుకు చేస్తున్నారు అనే దానిపై ఆధారపడి ఉంటుంది. గ్రామాలలో సామూహిక మందుల పంపిణీని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే నిర్ణయాలు ఈ పరీక్షల ఫలితాలను బట్టి జరుగుతాయి.

వ్యాధి, పరాన్నజీవి

బోదకాలు వ్యాధికి మూడు జాతుల పురుగులు కారణం. అవి ఉకరేరియా బాంక్రాఫ్టి, బ్రుజియా మలయి, బ్రుజియా టిమోరి. ప్రపంచంలో సుమారు 90 శాతం సంక్రమణలకు ఉకరేరియా బాంక్రాఫ్టి కారణం. భారతదేశంలో దీనిని ప్రధానంగా మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ వ్యాపింపజేస్తుంది. బ్రుజియా మలయి కేరళలోని కొన్ని తీర ప్రాంతాలలో కనిపిస్తుంది. దీనిని మాన్సోనియా దోమలు వ్యాపింపజేస్తాయి.

పెద్ద పురుగులు దారంవలె సన్నగా ఉంటాయి. ఆడ పురుగు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు, మగ పురుగు సుమారు 4 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. ఇవి శోషరస నాళాలలో సగటున 6 నుండి 8 సంవత్సరాలు జీవిస్తాయి. ఆడ పురుగులు లక్షల సంఖ్యలో మైక్రోఫైలేరియా అనే పిల్లపురుగులను రక్తంలోకి వదలుతాయి. దోమ కుట్టినప్పుడు ఇవి దోమ శరీరంలోకి చేరి, అక్కడ పెరిగి, మరొక మనిషికి సంక్రమిస్తాయి.

సంక్రమణ కలిగిన వారిలో ఎక్కువమందికి బయటకు ఏ లక్షణమూ కనిపించదు. కాలు బోదగా వాచిన వారిలో లేదా వరిబీజం వచ్చిన వారిలో శోషరస నాళాలు ఏళ్ల తరబడి దెబ్బతిని ఉంటాయి. కాలు బాగా వాచిన వారిలో చాలామందికి రక్తంలో మైక్రోఫైలేరియా కనిపించదు, తరచుగా ప్రతిజనక పరీక్షలో కూడా ఏమీ తేలదు. దీనికి భిన్నంగా, ఏ బాధా లేకుండా పొలం పనులు చేసుకునే వ్యక్తి రక్తంలో వేలాది మైక్రోఫైలేరియాలు ఉండవచ్చు. కనుక కేవలం వాచిన కాళ్లను లెక్కించి గ్రామంలో వ్యాప్తి ఎంత ఉన్నదో నిర్ణయించడం సాధ్యం కాదు.

చరిత్ర

ప్రాచీన భారతీయ వైద్య గ్రంథమైన సుశ్రుత సంహితలో ఈ వ్యాధి శ్లీపదం అనే పేరుతో వర్ణించబడినది. పరాన్నజీవిని మాత్రం 19వ శతాబ్దంలో కనుగొన్నారు. 1863లో పారిస్‌లో దెమార్కే వరిబీజపు ద్రవంలో మైక్రోఫైలేరియాను చూశాడు. 1866లో బ్రెజిల్‌లోని బహియాలో ఒట్టో ఉకరర్ మూత్రంలో దానిని గమనించాడు. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మనిషి రక్తంలో దానిని కనుగొన్నాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద పురుగును కనుగొన్నాడు. పరాన్నజీవి పేరులో ఉకరర్, బాంక్రాఫ్ట్ ఇద్దరి పేర్లూ నిలిచిపోయాయి.

1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ ఈ పురుగు దోమలో పెరుగుతుందని చూపాడు. మైక్రోఫైలేరియాలు పగలు రక్తంలో దాదాపు మాయమై రాత్రి తిరిగి కనిపిస్తాయని కూడా ఆయన గమనించాడు. పగటి వేళ ఇవి ఎక్కువగా ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలలో ఉంటాయి. ఈ ఆవిష్కరణ వలన రాత్రి రక్త పరీక్ష ఏర్పడింది. తరువాత సుమారు ఒక శతాబ్దం పాటు గ్రామస్థాయిలో ప్రధానమైన పరీక్ష ఇదే. 1990లలో ప్రతిజనక కార్డు పరీక్ష రావడంతో పగటిపూట సర్వే చేయడం సాధ్యమైనది.

ముఖ్యమైన పరీక్షలు

రాత్రి రక్తపు పూత

వేలి కొనను సూదితో గుచ్చి తీసిన రక్తాన్ని గాజుపలకపై మందమైన పూతగా పరచి ఆరనిస్తారు. తరువాత నీటితో ఎర్రరక్తకణాల రంగును తొలగించి, జీమ్సా వంటి రంజకాన్ని వేసి సూక్ష్మదర్శినితో చూస్తారు. రక్తంలో మైక్రోఫైలేరియాల సంఖ్య రాత్రి 10 నుండి 2 గంటల మధ్య అత్యధికంగా ఉంటుంది. భారతదేశంలోని సర్వేలలో సాధారణంగా రాత్రి ఎనిమిదిన్నర తరువాత రక్తం తీస్తారు. భారత కార్యక్రమంలో 20 మైక్రోలీటర్ల పూత చాలాకాలంగా వాడుకలో ఉన్నది. మూడు గీతలుగా పరచిన 60 మైక్రోలీటర్ల పూతను ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది.

ఈ పరీక్షకు ఖర్చు తక్కువ. పురుగు జాతిని కూడా గుర్తించవచ్చు. ఉకరేరియా బాంక్రాఫ్టి మైక్రోఫైలేరియా తోక చివర కేంద్రకాలు ఉండవు. బ్రుజియా మలయి తోక చివర రెండు కేంద్రకాలు విడిగా కనిపిస్తాయి. మైక్రోఫైలేరియాలను లెక్కించవచ్చు కనుక మందు పనిచేసినదో లేదో కూడా తెలుస్తుంది.

దీని ప్రధాన లోపం రక్తం పరిమాణం తక్కువగా ఉండడం. ఉదాహరణకు ఒక మి.లీ. రక్తంలో 10 మైక్రోఫైలేరియాలు ఉన్న వ్యక్తిని తీసుకొంటే, 20 మైక్రోలీటర్ల రక్తంలో సగటున 0.2 మాత్రమే ఉంటాయి. అవి రక్తంలో సమంగా చెదరి ఉన్నాయని భావిస్తే, ఆ పూతలో ఒక్కటీ కనిపించకపోయే అవకాశం సుమారు 82 శాతం. 60 మైక్రోలీటర్లు తీస్తే ఈ అవకాశం 55 శాతానికి తగ్గుతుంది. పూర్తి మి.లీ. రక్తాన్ని పరిశీలిస్తే ఆ వ్యక్తి తప్పిపోవడం చాలా అరుదు. గ్రామంలో మందుల పంపిణీ కొన్ని సంవత్సరాలు జరిగిన తరువాత మిగిలిన సంక్రమణలు ఎక్కువగా ఇటువంటి తక్కువ సాంద్రత కలిగినవే. అందువలన కార్యక్రమం విజయానికి దగ్గరయ్యే కొద్దీ పూత పరీక్ష బలహీనపడుతుంది.

రక్తం తీసే వేళ విషయంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. పసిఫిక్ మహాసముద్రపు కొన్ని దీవులలో, భారతదేశంలోని నికోబార్ దీవులలో కొన్నింటిలో మైక్రోఫైలేరియాలు పగలు కూడా రక్తంలో ఉంటాయి. అక్కడ వ్యాధిని వ్యాపింపజేసేవి పగటిపూట కుట్టే ఏడిస్ జాతి దోమలు.

సాంద్రీకరణ పద్ధతులు

సిర నుండి ఒక మి.లీ. రక్తం తీసి సన్నని రంధ్రాలున్న పొర ద్వారా వడకడితే మైక్రోఫైలేరియాలు పొరపై మిగులుతాయి. నాట్ పద్ధతిలో రక్తాన్ని 2 శాతం ఫార్మలిన్‌తో కలిపి అపకేంద్ర యంత్రంలో తిప్పి, అడుగున చేరిన మడ్డిని పరిశీలిస్తారు. ఈ రెండు పద్ధతులూ పూత కన్నా ఎంతో సున్నితమైనవి. కాని సిర నుండి రక్తం తీయడానికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలి, రాత్రివేళ అందుకు అంగీకరించేవారు తక్కువ. అందువలన ఇవి ఎక్కువగా పరిశోధనలకు, ఆసుపత్రులకు పరిమితమైనాయి.

డి.ఇ.సి. ప్రేరేపిత పరీక్ష

డైఇథైల్ కార్బమజైన్ లేదా డి.ఇ.సి. మందును 100 మిల్లీగ్రాములు ఇస్తే దాగి ఉన్న మైక్రోఫైలేరియాలు కొంతసేపు రక్తప్రవాహంలోకి వస్తాయి. 30 నుండి 60 నిమిషాల తరువాత పగటిపూటే రక్తం తీసి చూడవచ్చు. తక్కువ సాంద్రత ఉన్నవారిలో ఇది రాత్రి పరీక్షంత నమ్మదగినది కాదు. ఆంకోసెర్కా, లోవా లోవా అనే ఇతర ఫైలేరియా పురుగులు ఉన్న ఆఫ్రికా ప్రాంతాలలో ఈ మందు తీవ్రమైన ప్రతిచర్యలను కలిగించవచ్చు కనుక అక్కడ ఈ పరీక్ష చేయరాదు.

ప్రతిజనక పరీక్షలు

పెద్ద పురుగులు విడుదల చేసే ప్రతిజనకం పగలూ రాత్రీ రక్తంలో ఉంటుంది. 1997లో వెలువడిన ఐ.సి.టి. కార్డు పరీక్షలో వేలి కొన నుండి తీసిన 100 మైక్రోలీటర్ల రక్తాన్ని కార్డుపై వేసి 10 నిమిషాలలో గీతను చూసేవారు. ఆలస్యంగా చూస్తే సంక్రమణ లేనివారికి కూడా గీత కనిపించే ప్రమాదం ఉండేది. కార్డులను శీతలంగా నిల్వ చేయవలసి రావడం గ్రామాలలో మరొక ఇబ్బంది.

దీని స్థానంలో ఫైలేరియాసిస్ టెస్ట్ స్ట్రిప్ లేదా ఎఫ్.టి.ఎస్. అనే పట్టీ వచ్చింది. దీనికి 75 మైక్రోలీటర్ల రక్తం చాలును. సాధారణ ఉష్ణోగ్రతలో ఎక్కువకాలం నిలువ ఉంటుంది. 2013లో ప్రచురితమైన పోలికలో, లైబీరియాలో అదే ప్రజలలో ఐ.సి.టి. కార్డు కన్నా ఈ పట్టీ సుమారు నాలుగో వంతు ఎక్కువమంది సంక్రమితులను గుర్తించింది. తరువాతి కాలంలో ఇతర సంస్థల పట్టీలు కూడా వచ్చాయి. వాటిలో దక్షిణ కొరియాకు చెందిన ఎస్.డి. బయోసెన్సర్ సంస్థ పరీక్ష ఒకటి. ప్రయోగశాలలో చేసే ఓజీ4సీ3 ఎలైసా పరీక్షకు వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కలను కూడా ఉపయోగించవచ్చు.

ప్రతిజనక పరీక్షలకు మూడు ముఖ్యమైన పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఇవి ఉకరేరియా బాంక్రాఫ్టికి మాత్రమే పనికివస్తాయి, బ్రుజియా జాతులను గుర్తించవు. రెండవది, మైక్రోఫైలేరియాలు నశించినా పెద్ద పురుగులు బ్రతికి ఉన్నంతకాలం, ఆ తరువాత కూడా కొంతకాలం, ఫలితం సంక్రమణ ఉన్నట్లే వస్తుంది. మూడవది, మధ్య ఆఫ్రికాలో లోవా లోవా పురుగు అధికంగా ఉన్నవారిలో బోదకాలు లేకున్నా గీత రావచ్చు.

ప్రతిరక్షక పరీక్షలు

బిఎం14, డబ్ల్యుబి123 అనే ప్రతిజనకాలకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను వీటిలో కొలుస్తారు. బ్రుజియా జాతుల కోసం మలేషియాలోని సైన్స్ విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చేయబడిన బ్రుజియా రాపిడ్ పరీక్ష ప్రసిద్ధమైనది. దోమకాటు ద్వారా సంపర్కం జరిగిన తరువాత ప్రతిరక్షకాలు ముందుగానే కనిపిస్తాయి. అందువలన చిన్నపిల్లలలో ఇవి కొత్త వ్యాప్తికి తొలి సంకేతంగా పనిచేస్తాయి. పెద్దలలో మాత్రం పాత సంపర్కానికీ, ప్రస్తుత సంక్రమణకూ తేడా చెప్పడం కష్టం.

డి.ఎన్.ఎ. పరీక్షలు, దోమల పరిశీలన

పి.సి.ఆర్. పద్ధతిలో రక్తంలోని అతి తక్కువ పరాన్నజీవి డి.ఎన్.ఎ.ను కూడా గుర్తించవచ్చు. దీనిని ఎక్కువగా దోమలపై ఉపయోగిస్తారు. ఇళ్ల వద్ద పట్టిన దోమలను 20–25 చొప్పున గుంపులుగా చేసి పరీక్షిస్తారు. మనుషుల రక్తం తీయకుండానే గ్రామంలో మైక్రోఫైలేరియా ఉన్నవారు ఇంకా ఉన్నారో లేదో దీనివలన తెలుస్తుంది. అయితే దోమలో డి.ఎన్.ఎ. కనిపించినంత మాత్రాన ఆ దోమ వ్యాధిని అందించగలదని అర్థం కాదు.

అల్ట్రాసౌండ్ పరీక్ష

1994లో బ్రెజిల్‌లోని రెసీఫీ వైద్యులు పురుషుల వృషణకోశంలోని శోషరస నాళాలలో సజీవ పురుగులు నిరంతరం కదలుతుండడాన్ని అల్ట్రాసౌండ్ ద్వారా చూపారు. ఈ కదలికను ఫైలేరియా నాట్యం అని వ్యవహరిస్తారు. మందు పెద్ద పురుగులను చంపినదో లేదో తెలుసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. గ్రామ సర్వేలకు అనుకూలం కాదు.

పరీక్షల పోలిక

| పరీక్ష | గుర్తించేది | రక్తం తీసే వేళ | ముఖ్య ప్రయోజనం | ముఖ్య లోపం |
|---|---|---|---|---|
| రాత్రి రక్తపు పూత | మైక్రోఫైలేరియా | రాత్రి | తక్కువ ఖర్చు, జాతి గుర్తింపు | తక్కువ సాంద్రతను గుర్తించలేదు |
| వడపోత, నాట్ పద్ధతి | మైక్రోఫైలేరియా | రాత్రి | అధిక సున్నితత్వం | సిర నుండి రక్తం కావాలి |
| డి.ఇ.సి. ప్రేరేపిత పరీక్ష | మైక్రోఫైలేరియా | పగలు | రాత్రి సర్వే అవసరం లేదు | కొన్ని ప్రాంతాలలో ప్రమాదకరం |
| ఎఫ్.టి.ఎస్. పట్టీ | పెద్ద పురుగు ప్రతిజనకం | ఎప్పుడైనా | 10 నిమిషాలలో ఫలితం | బ్రుజియాను గుర్తించదు |
| ప్రతిరక్షక పరీక్ష | సంపర్కం | ఎప్పుడైనా | పిల్లలలో తొలి సంకేతం | పాత, కొత్త సంక్రమణల తేడా తెలియదు |
| దోమల పి.సి.ఆర్. | పరాన్నజీవి డి.ఎన్.ఎ. | అవసరం లేదు | మనుషుల రక్తం అవసరం లేదు | ప్రయోగశాల కావాలి, వ్యక్తిని గుర్తించదు |

పోల్చే పద్ధతి

ఒక పరీక్షను సున్నితత్వం, నిర్దిష్టత అనే రెండు కొలతలతో అంచనా వేస్తారు. నిజంగా సంక్రమణ ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష గుర్తించినది అనేది సున్నితత్వం. సంక్రమణ లేనివారిలో ఎంతమందికి లేదని సరిగా చెప్పినది అనేది నిర్దిష్టత. బోదకాలు విషయంలో లోపం లేని ప్రామాణిక పరీక్ష ఏదీ లేదు. రాత్రి పూతను ప్రామాణికంగా తీసుకొంటే, పూతలో తప్పిపోయి ప్రతిజనక పరీక్షలో తేలిన నిజమైన సంక్రమితులు కూడా తప్పుడు ఫలితాలుగా లెక్కలోకి వస్తారు. అందువలన పరిశోధకులు అదే వ్యక్తి నుండి ఒకేసారి తీసిన రక్తంపై రెండు మూడు పరీక్షలు చేసి, వాటి ఫలితాలను కలిపి గణాంక పద్ధతులతో విశ్లేషిస్తారు.

వ్యాప్తి తగ్గినప్పుడు నిర్దిష్టత చాలా ముఖ్యమవుతుంది. ఉదాహరణకు 95 శాతం సున్నితత్వం, 99 శాతం నిర్దిష్టత గల పరీక్షను 1,000 మందికి చేశారనుకొందాం. వారిలో 100 మందికి సంక్రమణ ఉంటే 95 మంది సరిగా తేలుతారు, లేనివారిలో 9 మంది తప్పుగా తేలుతారు. అనగా ఫలితాలలో పది పాళ్లలో తొమ్మిది పాళ్లు నిజం. అదే గ్రామంలో సంక్రమితులు 5 మందికి తగ్గితే, ఆ ఐదుగురితో పాటు సుమారు 10 మంది లేనివారు కూడా తేలుతారు. ఇప్పుడు మూడింట రెండు వంతుల ఫలితాలు తప్పు. పరీక్ష మారలేదు, గ్రామంలోని వ్యాప్తి మాత్రమే మారింది. ఈ కారణంగా తక్కువ వ్యాప్తి ఉన్నచోట పట్టీలో తేలినవారికి రాత్రి పూత పరీక్ష కూడా చేసి నిర్ధారించడం మంచిది.

గ్రామాలలో ఆచరణ

పరీక్ష ప్రయోగశాలలో ఎంత మంచిదైనా గ్రామస్థులు అంగీకరించకపోతే ఫలితం అసంపూర్ణమే. రాత్రి సర్వేలో పగలంతా కూలికి వెళ్లి వచ్చి నిద్రపోయిన వారిని లేపవలసి ఉంటుంది. ఉపాధికోసం వలస వెళ్లినవారు దొరకరు. మందు మింగనివారే తరచుగా రక్తం ఇవ్వడానికి కూడా నిరాకరిస్తారు. కనుక సంక్రమణ ఎక్కువగా ఉండే అవకాశమున్న యువకులు, పెద్దవయస్సు పురుషులు సర్వేలో తగ్గిపోతారు. ప్రతిజనక పట్టీ పగటిపూట బడిలోనో ఇంటివద్దో చేయవచ్చు కనుక ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది.

మైక్రోఫైలేరియా కనిపించిన వ్యక్తికి సాధారణంగా శరీరబరువులో కిలోగ్రాముకు 6 మిల్లీగ్రాముల చొప్పున రోజూ డి.ఇ.సి.ని 12 రోజులు ఇస్తారు. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. పరీక్షలలో ఏమీ తేలని బోదకాలు రోగికి మాత్రం, పరీక్ష కన్నా కాలి సంరక్షణ అవసరం. కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులలో తడి లేకుండా తుడిచి, పుండ్లకు వెంటనే చికిత్స చేస్తే తరచుగా వచ్చే జ్వరాలు, నొప్పి తగ్గుతాయి. రక్తంలో ఏమీ లేదనే ఫలితాన్ని చూసి అటువంటి వారిని వెనక్కు పంపివేయడం వారికి నష్టం కలిగిస్తుంది.

నిర్మూలన కార్యక్రమంలో పాత్ర

1997లో ప్రపంచ ఆరోగ్య సభ బోదకాలు నిర్మూలనకు తీర్మానించింది. 2000లో ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభమైనది. ఒక ప్రాంతంలో మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మందు మింగిన ఐదు విడతలైనా పూర్తయి, ఎంపిక చేసిన గ్రామాలలో మైక్రోఫైలేరియా రేటు 1 శాతం కన్నా తగ్గిన తరువాత వ్యాప్తి నిర్ధారణ సర్వే జరుపుతారు. 2011 మార్గదర్శకాల ప్రకారం ఈ సర్వేలో 6–7 సంవత్సరాల పిల్లలను పరీక్షిస్తారు. మందుల పంపిణీ మొదలైన తరువాత పుట్టిన పిల్లలలో సంక్రమణ ఉంటే అది ఇటీవలి వ్యాప్తికి గుర్తు. బాంక్రాఫ్టి పురుగును క్యూలెక్స్, అనాఫిలిస్ దోమలు వ్యాపింపజేసే చోట్ల ప్రతిజనకం 2 శాతం కన్నా, ఏడిస్ దోమలు ఉన్నచోట 1 శాతం కన్నా తక్కువ ఉంటే మందుల పంపిణీ ఆపవచ్చు.

ఈ విధానం పూర్తిగా నమ్మదగినది కాదని కొన్ని అనుభవాలు చూపాయి. పసిఫిక్ దీవి అయిన అమెరికన్ సమోవా 2011లోను, 2015లోను పిల్లల సర్వేలో ఉత్తీర్ణమై, 2016లో విఫలమైంది. పిల్లలలో కనిపించని సంక్రమణ పెద్దలలో మిగిలి ఉండడం దీనికి ఒక కారణం. అక్కడ తిరిగి మందుల పంపిణీ మొదలుపెట్టవలసి వచ్చింది. శ్రీలంకలో 2016లో నిర్మూలన గుర్తింపు లభించినది. అంతకుముందు జరిపిన పరిశోధనలలో, సర్వేలో ఉత్తీర్ణమైన కొన్ని తీర ప్రాంతాలలో కూడా దోమలలో పరాన్నజీవి డి.ఎన్.ఎ. కనిపించింది.

ఐవర్‌మెక్టిన్, డి.ఇ.సి., ఆల్బెండజోల్ అనే మూడు మందుల పద్ధతిని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఈ మందుల తరువాత మైక్రోఫైలేరియాలు త్వరగా నశిస్తాయి కాని ప్రతిజనకం చాలాకాలం నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ ప్రాంతాలలో 20 ఏళ్లు పైబడిన పెద్దలలో మైక్రోఫైలేరియా పరీక్షకు తిరిగి ప్రాధాన్యం ఏర్పడింది. పగటి పట్టీ వచ్చిన తరువాత కూడా రాత్రి పూత అవసరం తీరిపోలేదు.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలు, ముఖ్యంగా గోదావరి ప్రాంతం, విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలు చాలాకాలంగా బోదకాలుకు ప్రసిద్ధి చెందినవి. తెలంగాణలోని పలు జిల్లాలలో కూడా ఈ వ్యాధి ఉన్నది. మురుగు కాలువలు, మూత లేని మరుగుదొడ్ల గుంటలు క్యూలెక్స్ దోమకు అనుకూలమైన స్థలాలు. భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. సిబ్బంది శిక్షణకు, పరిశోధనకు రాజమండ్రిలో ఒక కేంద్రం ఏర్పడింది. 2004 నుండి దేశంలో సామూహిక మందుల పంపిణీ విస్తృతంగా జరుగుతున్నది. 2027 లోగా వ్యాధిని నిర్మూలించాలని భారత ప్రభుత్వం లక్ష్యంగా ప్రకటించింది.

ఈ పరీక్షలలోను, చికిత్సలోను ఉపయోగించే డి.ఇ.సి. మందుకు తెలుగువారితో సంబంధం ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలితంగా 1947లో ఇది వెలుగులోకి వచ్చింది. హెట్రజాన్ అనే పేరుతో ఇది ప్రసిద్ధి పొందినది.

ఇవి కూడా చూడండి

- బోదకాలు
- యల్లాప్రగడ సుబ్బారావు
- దోమ
- వరిబీజం
- పరాన్నజీవి